ఒట్టి తునకలు, పొగబెట్టిన ముక్కలు: డబ్బాలో దాచాలా, ఫ్రీజర్‌లో పెట్టాలా

మేడారం జాతర నుంచి తిరిగివచ్చిన ఇళ్లలోనూ, దసరాకు నలుగురు కలిసి యాటను కోసి పోగులు పంచుకున్న ఇళ్లలోనూ వండగా మిగిలిన మాంసాన్ని సన్నగా కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి, దండెం మీద ఎండబెట్టి ఒట్టి తునకలు చేసుకోవడం వరంగల్, ములుగు, భూపాలపల్లి ప్రాంతాల్లో తరాలుగా ఉన్నదే. ఇటీవల వాటి పక్కన మరో రకం కూడా చేరింది. మూత ఉన్న బొగ్గుల గ్రిల్‌లోనో, పాత ఇనుప డ్రమ్ములోనో కట్టెల పొగ పట్టించి, పూర్తిగా ఎండకముందే దించి, సాయంత్రం పూట నంజుకోవడానికి వాడే ముక్కలు అవి. ఈ రెండింటినీ ఒకే డబ్బాలో వేసి అటక మీద పెట్టేవారు ఉన్నారు, రెండింటినీ అనుమానంతో ఫ్రీజర్‌లోకి నెట్టేవారూ ఉన్నారు. నా దృష్టిలో రెండు పద్ధతులూ సరైనవి కావు. ఎక్కడ దాచాలో నిర్ణయించవలసింది ముక్కలో మిగిలిన తడి. డబ్బా, ఫ్రిజ్, ఫ్రీజర్, మిషన్‌తో గాలి లాగేసి మూసే వాక్యూమ్ కవరు అనే ప్రశ్నలన్నీ ఆ తరువాతే వస్తాయి.

పూర్వం ఫ్రిజ్ లేకుండానే ఇవి నెలల తరబడి నిలిచాయి కదా అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. నిలిచిన మాట నిజమే, అయితే నిలవడానికి కారణం పొగ ఒక్కటే కాదు. కట్టెల పొయ్యి రెండు పూటలా మండే ఇంట్లో పొయ్యికి పైన వేలాడదీసిన తునకలకు రోజూ వేడిగాలి తగిలేది, వానకాలంలో అవి పీల్చుకున్న చెమ్మ అదే రోజు మళ్లీ ఆరిపోయేది, పొగలోని ఫీనాల్ వంటి పదార్థాలు ఈగలను దూరంగా ఉంచుతూ కొవ్వు త్వరగా చెడకుండా కాపాడేవి. ఇప్పుడు గ్యాస్ పొయ్యి ఉన్న ఇంట్లో రెండు మూడు గంటలు పొగ పట్టించి దించేస్తే రంగూ వాసనా వస్తాయి తప్ప ఆ నిలవ శక్తి రాదు. పొగ ప్రభావం ముక్క పైపొరకే పరిమితం, లోపలి తడి అలాగే ఉంటుంది. పొయ్యి మీది ఆ చోటు చేసిన పనిని ఇప్పుడు గాలి చొరబడని డబ్బాకో, ఫ్రీజర్‌కో అప్పగించవలసి వస్తోంది.

తడిని అంచనా వేయడానికి యంత్రం అక్కరలేదు. ముక్కను పూర్తిగా చల్లారనిచ్చి వంచాలి, ఎందుకంటే వేడిగా ఉన్నప్పుడు ఏ ముక్కైనా మెత్తగానే వంగి మోసం చేస్తుంది. చల్లారిన తరువాత ఎండుపుల్లలా విరిగితే అది అసలైన ఒట్టి తునక. వంచినప్పుడు పైన పగుళ్లు వచ్చి, విడిపోకుండా నారలు కనిపిస్తే అది మధ్యస్థంగా ఎండినది. పగులు రాకుండా వంగినా, నొక్కితే వేలికి తడి తగిలినా దాన్ని వండిన మాంసంగానే లెక్కించాలి. తూకం కూడా మంచి ఆధారమే. కొవ్వు, ఎముక తీసిన ఒక కిలో మాంసం బాగా ఎండితే సుమారు 250 నుంచి 350 గ్రాములకు దిగుతుంది. సగం బరువు దగ్గరే ఆగిపోయిందంటే, పైకి ఎంత నల్లగా, గట్టిగా కనిపించినా లోపల నీరు ఉన్నట్టే. అనుమానం తీరకపోతే చల్లారిన ముక్కలను గాజు సీసాలో సగం వరకు నింపి మూత బిగించి రెండు రోజులు ఉంచాలి. సీసా గోడలకు చెమ్మ పడితే తిరిగి ఎండబెట్టాలి. ఈ రెండు రోజుల్లో సన్న ముక్కలు, మందమైన ముక్కలు ఒకదాని తడిని ఒకటి పంచుకుని సమానమవుతాయి కూడా.

నిల్వ గురించి మాట్లాడే ముందు తయారీలోని ఒక లోపాన్ని చెప్పక తప్పదు. మే నెలలో వరంగల్ ఎండ 43, 44 డిగ్రీలు దాటినా, మాంసంలోని బ్యాక్టీరియాను చంపడానికి ఆ వేడి చాలదు, పైగా 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడి వాటికి అనుకూలమైనది. ఉప్పు, పసుపు కొంత అడ్డుకుంటాయి గానీ పూర్తి రక్షణ ఇవ్వవు. అందుకే ఎండబెట్టడానికి ముందే ముక్కలను ఆవిరి మీదో, మసాలా నీళ్లలోనో మేక, గొర్రె, పంది మాంసమైతే లోపల 71 డిగ్రీలు, కోడి మాంసమైతే 74 డిగ్రీలు వచ్చేదాకా వేడి చేయడం ఉత్తమం. ముందు చేయలేకపోయినవారు ఎండిన తరువాత ఓవెన్‌లో 135 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచవచ్చు. తరువాత ఎలాగూ నూనెలో వేయిస్తాం కదా అని దీన్ని వదిలేయకూడదు, ఎందుకంటే స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా ఒకసారి విషాన్ని తయారుచేసి వదిలితే ఆ విషం వేయింపుకు కూడా పోదు. ఫ్రీజర్ కూడా బ్యాక్టీరియాను చంపదు, నిద్రపుచ్చుతుంది అంతే. చెడ్డ సరుకును లోపల పెడితే బయటికి వచ్చేదీ చెడ్డ సరుకే.

ఇక ఎంపికల విషయానికి వస్తే, మొదటిది గది వేడిలో డబ్బా. విరిగేంతగా ఎండిన, కొవ్వు దాదాపు లేని తునకలకు మాత్రమే ఇది తగినది. బిగుతైన మూత గల స్టీలు డబ్బా గానీ, రబ్బరు రింగు ఉన్న గాజు సీసా గానీ మేలు. పలుచని ప్లాస్టిక్ డబ్బాలు కొవ్వు వాసనను పట్టుకుని వదలవు, వాటి మూతలు ఎండకాలం తరువాత వదులవుతాయి. మట్టి కుండ, గుడ్డ సంచి అందంగా ఉన్నా తేమను ఆపలేవు కాబట్టి నేను సూచించను. ఇంట్లో చేసిన ఎండు మాంసానికి గది వేడిలో రెండు వారాలు నిశ్చింతగా లెక్క వేసుకోవచ్చు. బాగా ఎండి, డబ్బా బిగుతుగా ఉంటే ఒకటి రెండు నెలలు నిలుస్తాయి, అయితే ఈ గడువు చలికాలానికి, ఎండకాలపు పొడి రోజులకు వర్తించేదే తప్ప శ్రావణ మాసానికి కాదు. ఎండు పదార్థం చుట్టూ ఉన్న గాలితో తేమను ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటుంది. గాలిలో తేమ 70 శాతం దాటి అలాగే నిలిచితే అందులో ఉంచిన ఎండు మాంసం బూజు పట్టేంత తడిని మెల్లగా పీల్చుకుంటుంది. జూలై, ఆగస్టు నెలల్లో ఇక్కడి గాలిలో తేమ తరచూ 75 శాతం పైనే ఉంటుంది కాబట్టి, రోజుకు నాలుగుసార్లు తెరిచే డబ్బాలో పెట్టినవి ఆ నెలల్లో ఎక్కువ కాలం పొడిగా ఉండలేవు. పెద్ద డబ్బా ఒకటి పెట్టేకన్నా వారానికి ఒకటి చొప్పున చిన్న డబ్బాలు నింపుకోవడం తెలివైన పని.

డబ్బాకు మరో శత్రువు పురుగు. ఎండు చేపలను, ఎండు మాంసాన్ని తినే సన్నని బొచ్చు పురుగులు డబ్బాలోకి బయటినుంచి దూరవలసిన అవసరం లేదు, దండెం మీద ఉన్నప్పుడే వాటి గుడ్లు ముక్కలకు అంటుకుని వస్తాయి. ఎండబెట్టేటప్పుడు సన్నని దోమతెర కప్పడం ఒక జాగ్రత్త. ఫ్రీజర్ ఉన్నవారికి దానికంటే గట్టి ఉపాయం ఉంది. తునకలను గాలి చొరని కవర్‌లో వేసి వారం రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, ఆ తరువాత డబ్బాలోకి మార్చుకుంటే గుడ్లు, పురుగులు చచ్చిపోతాయి. డబ్బాలో నాఫ్తలిన్ ఉండలు వేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఇంకా కనిపిస్తుంది. అవి విషం, తినే వస్తువుల దగ్గరికి రానివ్వకూడదు.

రెండవది ఫ్రిజ్ కింది అర. ఇది మధ్యే మార్గంలా కనిపించినా ఎండు తునకలకు దీనివల్ల వచ్చే లాభం తక్కువ. చల్లని డబ్బాను బయటికి తీసి తెరిచిన ప్రతిసారీ గాలిలోని తేమ ముక్కల మీద నీటి చుక్కలుగా చేరుతుంది. ఆ తడితోనే మూత పెట్టి మళ్లీ లోపల పెడితే కొంతకాలానికి బూజు ఖాయం. మధ్యస్థంగా ఎండిన ముక్కలకు, వచ్చే రెండు మూడు వారాల్లో తినేయగలిగినంత పరిమాణానికి మాత్రం ఫ్రిజ్ సరిపోతుంది. తడి ఎక్కువగా ఉన్న పొగ ముక్కలను ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి ఉంచరాదు. పొగ పట్టిందన్న ధైర్యంతో వారం దాటించేవారిని చూస్తే నాకు ఆశ్చర్యమే.

మూడవది ఫ్రీజర్, తడి ముక్కలకు ఇంతకు మించిన ఆశ్రయం లేదు. మైనస్ 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవుల పెరుగుదల ఆగిపోతుంది కాబట్టి భద్రత విషయంలో గడువు అంటూ ఉండదు, గడువు ఉండేది రుచికి మాత్రమే. ఆ రుచిని తినేసేవి రెండు. ఒకటి మంచు తాకిడి. కవర్‌లో గాలి మిగిలితే ముక్కలోని మంచు నేరుగా ఆవిరై పైపొర తెల్లబారి, నమిలితే అట్టముక్కలా తగులుతుంది. రెండవది కొవ్వు ముక్కిపోవడం. చలి దీన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు, పైగా ఉప్పు దీన్ని వేగవంతం చేస్తుంది. ఉప్పు పట్టించిన మాంసం మామూలు మాంసంకన్నా ఫ్రీజర్‌లో త్వరగా రుచి కోల్పోవడానికి కారణం ఇదే. కోడి, పంది కొవ్వు మేక, గొర్రె కొవ్వుకన్నా మెత్తనిది, త్వరగా ముక్కిపోయేది. కాబట్టి పొగబెట్టిన కోడి, పంది ముక్కలను రెండు మూడు నెలల్లో, మేక, గొర్రె ముక్కలను నాలుగు నెలల్లో, పూర్తిగా ఎండిన పలుచని తునకలను ఆరు నెలల్లో తినేయడం మంచిదని నా లెక్క. కొవ్వును ఎండబెట్టకముందే కత్తితో తీసేయడం వల్ల కలిగే మేలు ఏ ఖరీదైన కవరూ చేయలేదు.

కవర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కూరగాయల దుకాణంలో ఇచ్చే పలుచని కవరు గాలిని ఆపదు, దాన్ని ఫ్రీజర్‌కు వాడరాదు. మందమైన జిప్ కవరు చాలామందికి సరిపోతుంది. ముక్కలను ఒకే వరుసలో పరిచి, కవరును నీళ్ల గిన్నెలో అంచు వరకు మెల్లగా ముంచితే నీటి ఒత్తిడికి లోపలి గాలి బయటికి పోతుంది, అప్పుడు జిప్ బిగించి తడి తుడిచి పెట్టుకోవచ్చు. ఇలా పలుచగా పరిచిన పొట్లం త్వరగా గడ్డకడుతుంది, అరలో చోటు కూడా తక్కువ పడుతుంది. వాక్యూమ్ మిషన్ కొనడం ఏడాదిలో పలుమార్లు యాటను పంచుకునే ఇళ్లకు, లేదా అమ్మకానికి చేసేవారికి మాత్రమే గిట్టుబాటు. దానితో మంచు తాకిడి దాదాపు ఉండదు, కొవ్వు ముక్కడం కూడా బాగా తగ్గుతుంది. ఎండు తునకల మొనలు కవరును పొడిచి చిల్లు చేస్తాయి కాబట్టి ముందు బటర్ పేపర్‌లో చుట్టి ఆ తరువాత సీల్ చేయాలి.

వాక్యూమ్ చేస్తే బయట పెట్టినా చెడదనే నమ్మకం అన్నిటికన్నా ప్రమాదకరమైనది. గాలి లేని చోటే పెరిగి ప్రాణాంతకమైన విషాన్ని వదిలే బోటులిజం బ్యాక్టీరియాకు తడి ఉన్న మాంసం, గది వేడి, వాక్యూమ్ కవరు మూడూ కలిస్తే కావలసిన వాతావరణం అంతా దొరికినట్టే. దాని విషానికి వాసన ఉండకపోవచ్చు, కవరు ఉబ్బకపోవచ్చు. కంపెనీల్లో తయారయ్యే ఎండు మాంసంలో ఈ బ్యాక్టీరియాను అడ్డుకునే సోడియం నైట్రైట్‌ను తరచూ కలుపుతారు, తేమను కొలిచి మరీ ప్యాక్ చేస్తారు. మన ఇళ్లలో వాడేది మామూలు ఉప్పు మాత్రమే. కాబట్టి విరగని ముక్కను వాక్యూమ్ చేస్తే అది తప్పకుండా ఫ్రీజర్‌లోకే వెళ్లాలి. తేమను పీల్చే చిన్న పొట్లాలు, ఆక్సిజన్‌ను పీల్చే పొట్లాలు కూడా పూర్తిగా ఎండిన తునకల డబ్బాలో మాత్రమే పనికివస్తాయి, తడి ముక్కలను అవి కాపాడలేవు.

ఫ్రీజర్లన్నీ ఒకటి కావు. సింగిల్ డోర్ ఫ్రిజ్ పైభాగంలో ఉండే చిన్న మంచు అర చాలా ఇళ్లలో మైనస్ 18కి చేరదు. చుట్టూ మంచు మేట వేసినకొద్దీ చల్లదనం ఇంకా తగ్గుతుంది, అందులో రెండు నెలలకు మించి ఆశ పెట్టుకోకూడదు. డబుల్ డోర్ ఫ్రిజ్‌లో చల్లదనం బాగానే ఉంటుంది, కానీ మంచును తానే కరిగించుకునే ఆ ఏర్పాటు లోపలి గాలిని పొడిబారుస్తుంది కాబట్టి కవరులో సందు ఉంటే ముక్కలు త్వరగా తెల్లబారతాయి. పైనుంచి తలుపు తెరిచే డీప్ ఫ్రీజర్ అన్నిటికన్నా స్థిరమైనది. మూత తెరిచినా చల్లని గాలి కిందే ఉండిపోతుంది. వరంగల్, హనుమకొండ ప్రాంతాల్లో చిన్న కుటుంబాలు దాన్ని మాంసం కోసమే కొనడం నాకు సబబుగా తోచదు, ఊళ్లో ఉమ్మడి కుటుంబానికైతే ఆలోచించవచ్చు.

ఎండకాలపు గాలివానలకు చెట్లు తీగల మీద పడి కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. తలుపు తెరవకుండా ఉంచితే నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లగా ఉంటుంది, ఫ్రిజ్ కింది అర నాలుగు గంటలకు మించి నిలవదు. ఖాళీ చోటును నీళ్ల సీసాలతో నింపి గడ్డకట్టించి ఉంచడం చవకైన భద్రత. ఊరికి వెళ్లేవారు చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి దాని మీద రూపాయి బిళ్ల పెట్టి వెళితే, తిరిగి వచ్చేసరికి బిళ్ల మంచులోకి దిగిపోయి ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థమవుతుంది. ముక్కల మీద ఇంకా మంచు పలుకులు ఉంటే తిరిగి గడ్డకట్టించవచ్చు. పూర్తిగా కరిగి గది వేడికి వచ్చి రెండు గంటలు దాటితే, 32 డిగ్రీలు దాటిన ఎండ రోజుల్లో ఒక గంట దాటితే, తడి ముక్కలను పారేయడమే మంచిది.

బయటికి తీసేటప్పుడు రెండు రకాలకు రెండు పద్ధతులు ఉన్నాయి. ఎండు తునకల పొట్లాన్ని గది వేడికి పూర్తిగా వచ్చేదాకా తెరవకూడదు, అప్పుడు చెమ్మ కవరు బయటే ఆగిపోతుంది. తడి ఉన్న పొగ ముక్కలను మాత్రం ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చి అక్కడే కరగనివ్వాలి. వాక్యూమ్ కవరైతే కరగకముందే, ఫ్రిజ్‌లోకి మార్చేటప్పుడే దాని అంచు కత్తిరించాలి. ఆ తరువాత మూకుడులో కొద్ది నూనెతో వేయించుకున్నా, నిప్పుల మీద కాల్చుకున్నా పొగ వాసన మళ్లీ పైకి వస్తుంది.

చాలామంది ఆలోచించని నాలుగవ దారి ఒకటి ఉంది. అదేమిటంటే మాంసం మొత్తానికి ఒకేసారి పొగ పట్టించకుండా, సన్నగా కోసి మసాలా పట్టించిన పచ్చి ముక్కలనే అరకిలో పొట్లాలుగా గడ్డకట్టించి, కావలసినప్పుడల్లా ఒక పొట్లం కరిగించి పొగబెట్టుకోవడం. పచ్చి ముక్కలకు ఉప్పు తక్కువ వేసి, మిగతాది పొగబెట్టే రోజున కలుపుకుంటే కొవ్వు కూడా త్వరగా ముక్కదు. ఆషాఢంలో బోనాల నాటికి ఎండ ఉండదు, వానలో దండెం మీద వేసిన మాంసం ఎండకముందే చెడుతుంది. ఆ నెలలో చేతికి వచ్చిన మాంసానికి నేను నిస్సంకోచంగా ఈ దారినే సూచిస్తాను. కొద్దిగా గడ్డకట్టిన మాంసం కత్తికి సన్నగా తెగుతుంది కాబట్టి తునకలు కూడా సమానంగా వస్తాయి. నూనెలో పచ్చడి పెట్టడం వేరే విద్య. నిమ్మరసం పులుపు, ఉప్పు, బాగా వేగిన ముక్క మూడూ కుదిరితేనే అది నిలుస్తుంది. పొగ ముక్కలను ఊరికే నూనెలో ముంచి సీసాలో బయట పెట్టడం మాత్రం గాలి లేని వాక్యూమ్ కవరు ప్రమాదాన్నే తిరిగి తెచ్చుకోవడం.

ఇన్ని మాటల తరువాత ఎవరికి ఏది అన్నది తేలికే. ఊళ్లో కట్టెల పొయ్యి ఇంకా మండుతున్న ఇల్లైతే ముక్కలను విరిగేంతగా ఎండబెట్టి చిన్న స్టీలు డబ్బాల్లో దాచుకుని, మృగశిర కార్తె వచ్చేలోగా ముగించుకోవచ్చు. హనుమకొండలో అపార్టుమెంటులో ఉండి, బాల్కనీ తప్ప మిద్దె లేనివారు ఎండు తునకల మీద పట్టు పట్టకుండా, పచ్చి ముక్కలను గడ్డకట్టించి చిన్న చిన్న విడతలుగా పొగబెట్టుకోవడం మేలు. డబుల్ డోర్ ఫ్రిజ్ ఉన్నవారు చేసిన రోజే విరిగేంతగా ఎండిన తునకలను రెండు భాగాలు చేసి, రెండు వారాలకు సరిపడేది డబ్బాలోకి, మిగతాది ఒక పూటకు సరిపోయే పొట్లాలుగా ఫ్రీజర్‌లోకి పంపాలి. పెద్ద పొట్లం ఒకటి కట్టి ప్రతిసారీ తెరిచి మూయడంకన్నా చెడ్డ పద్ధతి లేదు. ప్రతి పొట్లం మీద మాంసం రకం, తేదీ రాయడం మరచిపోతే ఆరు నెలల తరువాత ఏది కోడో, ఏది మేకో పోల్చుకోలేరు.

హైదరాబాదులో చదువుకునే పిల్లలకు బస్సులో పంపేవారు విరిగే తునకలనే పంపాలి. కాజీపేట నుంచి నాలుగు గంటల్లో చేరుతుందని తడి ముక్కలను పంపితే, హాస్టల్‌లో ఫ్రిజ్ లేని గదిలో అవి ఇంకో రెండు రోజులు ఉంటాయని కూడా లెక్కవేయాలి. అమెరికా వెళ్లేవారి సామానులో మాత్రం వీటిని పెట్టవద్దు. మన దేశం నుంచి ఎండు మాంసాన్ని అక్కడికి తీసుకుపోవడం నిషిద్ధం, విమానాశ్రయంలోనే తీసి పారేస్తారు, చెప్పకుండా దాచితే జరిమానా కూడా పడవచ్చు.

చివరిగా పారేయవలసినవి ఏవో చెప్పాలి. ముక్క మీద తెల్లగా కనిపించేదంతా బూజు కాదు, ఉప్పు కూడా పొడిలా పైకి తేలుతుంది. తడి వేలితో తాకితే ఉప్పు కరిగిపోతుంది, నాలుక మీద పెట్టి చూడవద్దు. నూగులా లేచి, పచ్చగానో నల్లగానో మారితే అది బూజే, గీకి వాడుకోవడానికి పనికిరాదు, ఆ డబ్బాలోని మిగతా ముక్కలను కూడా వదులుకోవాలి. పాత నూనె వాసన వస్తే కొవ్వు ముక్కిందని అర్థం. దానివల్ల వెంటనే జబ్బు రాకపోయినా తినదగినది కాదు. జిగురు, పులిసిన వాసన, ఉబ్బిన కవరు, ఈ మూడింట్లో ఏది కనిపించినా మసాలా ఎక్కువ వేసి వండేద్దామని ఆలోచించకుండా, కుక్కలకు కూడా అందకుండా గుంత తీసి పూడ్చేయండి.